రాజ్యం ఆంటీ పర్లేదన్న పాదం

నిన్న సాయంత్రం డ్రయర్ తలుపు తెరవగానే వేడెక్కిన ఉన్ని వాసన గుప్పుమంది. బయట ఈ ఏడాది మొదటి మంచు పడుతోంది. మా అబ్బాయి అలమర అడుగున పడి ఉన్న దళసరి మేజోళ్ళు వెతికి తీసి, మిగతా బట్టలతో కలిపి ఉతికేశాడు. ఉన్నివి విడిగా ఉతకాలని వాడికి ఎన్నిసార్లు చెప్పానో, వాడు ఎన్నిసార్లు విననట్టు నటించాడో నాకు బాగా గుర్తుంది. తిడదామని నోరు తెరిచినదాన్ని, చేతిలో ఉన్న మేజోడును తిరగేసి, మడమ దగ్గరా వేళ్ళ దగ్గరా వేలితో తడుముతూ ఉండిపోయాను. తడి ఉందా, మరక ఉందా, కుట్టు ఎక్కడైనా ఒరుసుకుంటోందా. ఎవరి మేజోళ్ళు చేతికొచ్చినా ఇలా చూడడం నాకు రాజ్యం ఆంటీ నేర్పిన పని. ఆ వెచ్చని వాసనలో ఆవిడ, హిమాలయాల్లోని కుమావున్ కొండల్లో ఒక రాతి ఇంటి వాకిట్లో బల్ల మీద కూర్చుని, "ఏదీ, ఎడమ కాలు ఇలా పెట్టు" అంటున్నట్టే అనిపించింది.

రాజ్యలక్ష్మి గారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాకు రెండిళ్ళ అవతల ఉండేవారు. ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆవిడ రాజ్యం ఆంటీ. పొట్టి మనిషి. జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని, చలికాలమైనా ఎండాకాలమైనా స్వెట్టరు వేసుకుని, ఎవరేం పెట్టినా బావుందని, ఎవరేం చేసినా పర్లేదని అనేవారు. మొహమాటమనే మాటకు మనిషి రూపం ఇస్తే ఆవిడలాగే ఉంటుంది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. నన్ను ఎవరు ఏమన్నారో, ఎప్పుడన్నారో, అప్పుడు పక్కన ఎవరెవరు నవ్వారో నాకు జ్ఞాపకం ఉంటుంది. అది నా స్వభావం. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. అలాంటి ఇద్దరికి స్నేహం కుదరడం మా ఆయనకు ఇప్పటికీ వింతే.

కుదిరింది ఒక ఉగాది విందులో. అమెరికా వచ్చి నాకు మూడేళ్ళయి ఉంటుంది. హైస్కూలు కాఫెటేరియాలో అందరం తలా ఒక వంటకం తెచ్చాం. నేను పొద్దున్నే లేచి చేసిన పులిహోరను నిర్వాహకులు బల్ల చివర, కాగితం పళ్ళేల దొంతర వెనక పెట్టారు. ఎవరికీ కనబడలేదు. ఎవరూ ముట్టుకోలేదు. వెళ్ళి అడిగితే, "అయ్యో, ఎక్కడ పెడితే ఏముందండీ, పులిహోరేగా" అని నవ్వారు. గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఆ నవ్విన ముఖాలను గుర్తు పెట్టుకుంటూ ఉంటే, ఒకావిడ పళ్ళెం నిండా నా పులిహోర పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఎవరి మీదమ్మా?" అన్నారు.

"ఏంటండీ?"

"అదే, కోపం. ముఖం చూస్తే తెలుస్తోంది."

చెప్పాను. ఆవిడ నవ్వలేదు, సర్దుకుపొమ్మనీ అనలేదు. నింపాదిగా నమిలి మింగి, "అయితే ఇప్పుడేం చేయాలంటావు?" అన్నారు. అప్పటిదాకా నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫిర్యాదు వినేవాళ్ళు ఓదారుస్తారు, లేదా తప్పించుకుంటారు. "ముందుకు జరపాలి" అన్నాను. "జరుపు మరి. ట్రే నీదేగా" అన్నారు. నేను లేచాక వెనక నుంచి చిన్నగా పిలిచి, "అటే వెళ్తున్నావు కదా, సాంబారు చల్లారిపోయింది, కాస్త వేడి చేయమని చెప్పు. నన్నడిగితే పర్లేదనేశాను" అన్నారు. ఆవిడ తరఫున నేను చేసిన మొదటి ఫిర్యాదు అది.

ఆ తర్వాత అలాంటివి చాలా చేశాను. ఆవిడ ఇంట్లో కుళాయి బాగుచేయడానికొచ్చినవాడు అది ఇంకా కారుతుండగానే వెళ్ళిపోతే, ఫోన్ చేసి వాణ్ణి వెనక్కి రప్పించింది నేను. అవతలింటి వాళ్ళ కుక్క ఆవిడ గోరింట మొక్కను తవ్వేస్తుంటే వెళ్ళి తలుపు కొట్టింది నేను. ఆవిడ వెనకాలే నిలబడి, "పోనీలెండి, ఇట్స్ ఓకే" అని నా మాటల మీద నీళ్ళు చల్లుతుండేవారు. ఇంటికొచ్చాక మాత్రం కాఫీ కలుపుతూ, "బాగా అడిగావే" అనేవారు. ఆ మాట బయట అనొచ్చు కదా అని నేను చాలాసార్లు నిష్ఠూరమాడాను.

నేను కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసేదాన్ని. ఒక ఏడాది మా మేనేజరు రివ్యూలో నాది నెగటివ్ ధోరణి అన్నాడు. ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ఆంటీ దగ్గరికి వెళ్ళి, కోటు కూడా విప్పకుండా మొదలుపెట్టాను. అంతా విని ఆవిడ, "తప్పులు పట్టమనేగా నీకు జీతమిస్తున్నారు, అందులో నెగటివ్ ఏముంది?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, "కానీ నీ వరస తప్పు" అన్నారు. "నువ్వు ముందు నీకు జరిగిన అవమానం చెబుతావు, తర్వాత విషయం చెబుతావు. అవమానం దగ్గరే అందరూ చెవులు మూసుకుంటారు. విషయం ముందు చెప్పు. అవమానం నా దగ్గరికొచ్చి చెప్పుకో." ఆ రోజు నుంచి ఆఫీసులో విషయం చెప్పడం, ఆంటీ వంటింట్లో అవమానం చెప్పుకోవడం నాకు అలవాటైంది. నా ఉద్యోగం నిలబడిందన్నా, నాలుగు మెట్లు ఎక్కానన్నా ఆ ఒక్క మాట వల్లే.

హిమాలయాల నడక సంగతి మొదట ఎత్తింది శ్రీధర్. కరీంనగర్ వైపు మనిషి, మా వీధి చివర ఇల్లు, ప్రతి వారాంతానికీ ఏదో ఒక కార్యక్రమం లేకపోతే ఉండలేడు. కుమావున్ కొండల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడవడం, రాత్రికి ఆ ఊళ్ళో లాడ్జిగా మార్చిన పాత ఇంట్లో పడుకోవడం, చివరి ఊరి నుంచి మంచు శిఖరాలు వరుసగా కనబడడం, ఇదంతా అతను ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంటే అందరం ఆహా ఓహో అంటున్నాం. మూలన బఠాణీలు ఒలుస్తున్న ఆంటీ తలెత్తకుండా, "నేనూ వస్తాను" అన్నారు. అందరం ల్యాప్‌టాప్ వదిలేసి ఆవిడవైపు తిరిగాం. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. చక్కెర వ్యాధి ఎప్పటినుంచో ఉంది. పాదాలు తిమ్మిరెక్కినట్టుంటాయని నాకు తెలుసు. అంతకన్నా వింత, ఆవిడ నోటి నుంచి నాకిది కావాలి అన్న మాట రావడం నేనెప్పుడూ వినలేదు.

షికాగోలో లాయరుగా ఉన్న వాళ్ళమ్మాయి అనిత నాకు ఫోన్ చేసింది. అనిత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "అక్కా, అమ్మకి నో చెప్పు ప్లీజ్. నేను చెప్తే ఓకే ఓకే అంటది, బట్ వెళ్తది."

"నేనూ చెప్పాను. వినలేదు."

"దెన్ నువ్వు కూడా వెళ్ళు. నువ్వు ఉంటే ఐ కెన్ స్లీప్. అమ్మకి పెయిన్ ఉంటే చెప్పదు. నువ్వు చెప్తావు కదా, ఎవ్రీథింగ్?"

పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేకపోయాను గానీ, నా పేరు కూడా ఇచ్చేశాను.

మిషిగన్‌లో కొండల్లేవు. చలికాలంలో పిల్లలు మంచు మీద ప్లాస్టిక్ పలకలేసుకుని జారే గడ్డి దిబ్బ ఒకటి పార్కులో ఉంటే, ఆ వేసవంతా దాన్నే ఎక్కాం, దిగాం, మళ్ళీ ఎక్కాం. కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఆంటీ పాత బూట్లతో, రెండు చేతుల్లో రెండు కర్రలతో, మాట్లాడకుండా ఎక్కేవారు. ప్రతి నడక తర్వాత ఒక నియమం పెట్టారు. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి పాదాలు ఒకరు చూడాలి. ఎవరి అరికాలు వాళ్ళకు సరిగ్గా కనబడదు కాబట్టి. "బొబ్బ వచ్చాక మందేయడం కాదు, ఎర్రబడినప్పుడే పట్టుకోవాలి" అని ఫార్మసీ కౌంటరు వెనక నిలబడ్డట్టే చెప్పేవారు. శ్రీధర్ ఇబ్బందిగా నవ్వి, "ఆంటీ, పెద్దోళ్ళు మీరు, మీతోటి నా కాళ్ళు పట్టిస్తనా" అన్నాడు. "మరెవరితో పట్టిస్తావోయ్, పట్టించు" అన్నారు. నా జత ఆవిడే. మేజోళ్ళు తిరగేసి చూడడం అప్పుడే నేర్చుకున్నాను.

డెట్రాయిట్ విమానాశ్రయంలో చెకిన్ వరసలో నిలబడి ఉండగా ఆవిడ కాళ్ళవైపు చూశాను. మిలమిలలాడే కొత్త బూట్లు.

"ఆంటీ, ట్రైనింగ్ అంతా పాతవాటితో చేసి ఇవేంటి?"

"అనిత మొన్న ఓవర్‌నైట్ షిప్పింగ్‌లో పంపింది. చాలా ఖరీదైనవట. నేను సేఫ్‌గా ఉండాలని."

"సైజు సరిపోయిందా?"

"ముందు కాస్త బిగువు. సాగుతాయిలే, పర్లేదు."

"వెనక్కిచ్చేసి పెద్దవి తెప్పించమని చెప్పొచ్చు కదా. మీ కూతురేగా!"

"అంత ప్రేమగా పంపిన పిల్లకి బాగాలేవని ఎలా చెప్పనే?" అన్నారు. కన్నకూతురి దగ్గర మొహమాటపడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పాత బూట్లు పెట్టెలో ఉన్నాయా అని అడిగాను. ఇంటి గరాజులో ఉన్నాయి.

కొండల్లో మొదటి రోజులు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. మెట్లు మెట్లుగా దిగే పొలాలు, ఇంటి కప్పుల మీద ఎండబెట్టిన గుమ్మడికాయలు, పలకరాళ్ళ కప్పులు, తల వంచుకుంటే గానీ దూరలేని గుమ్మాలు. నా నుదురు ప్రతి ఊళ్ళోనూ ఒక గుమ్మానికి తగిలింది, ప్రతిసారీ శ్రీధర్ నవ్వాడు. ప్రతి లాడ్జిలోనూ తలుపు పక్కన చలిగాలి కొట్టే మంచం నాకే వచ్చింది. ఆ సంగతి మా గైడు గోవింద్‌కు రోజూ చెప్పాను. ముప్పయ్యేళ్ళుంటాయేమో అతనికి, ఆ కొండల మనిషే, మాటకారి. "దీదీ, మీరు ఫిర్యాదు చేస్తేనే నాకు నమ్మకం, గుంపులో అందరూ క్షేమమని. మీరు మానేసిన రోజు భయపడతాను" అని హిందీలో అనేవాడు. మొదటి రోజే అతను ఒక మాట గట్టిగా చెప్పాడు. గుంపు విడిపోకూడదు. ఒక్కరు ఆగితే అందరూ ఆగాలి.

దారిలో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా కూర్చోబెట్టి టీ ఇచ్చేవారు. అక్కడ టీలో చక్కెర కలపరు. అరచేతిలో బెల్లం ముక్క పెడతారు, దాన్ని కొరుక్కుంటూ టీ తాగాలి. చక్కెర వ్యాధి ఉందని చెప్పడానికి ఆంటీకి మొహమాటం. అందరి ముందూ చేయి చాచి బెల్లం తీసుకుని, ఆ ఇంటావిడ అటు తిరగగానే నా చేతిలో పెట్టేసేవారు. నేను రెండు ముక్కలు తినాల్సొచ్చేది. "ఆంటీ, ఈ నడకలో నేను సన్నబడాల్సింది పోయి లావెక్కుతున్నాను" అంటే, "నా కోసం ఆ మాత్రం తినలేవూ" అని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేవారు. ఆవిడ అంతగా నవ్వడం నేను అక్కడే చూశాను. పొలం గట్ల మీద గడ్డి మోపులతో ఎదురొచ్చే ఆడవాళ్ళతో ఆగి ఆగి మాట్లాడేవారు. చివరి ఊరి గురించి గోవింద్‌ను అడిగిందే అడిగేవారు. అక్కడ ఇంటి మెట్ల మీద కూర్చునే శిఖరాలు చూడొచ్చా, పొద్దున ఏ వైపు నుంచి వెలుగు పడుతుంది అని.

సాయంత్రం లాడ్జికి చేరగానే ఇంటివాళ్ళు ఇత్తడి పళ్ళెంలో వేడినీళ్ళు తెచ్చి కాళ్ళు పెట్టుకోమనేవారు. ఆ తర్వాత మా పాదాల తనిఖీ. కొన్నాళ్ళు సవ్యంగానే సాగింది. ఒక సాయంత్రం ఆంటీ నా పాదాలు రెండూ చూసి, మడమకు ప్లాస్టరు వేసి, తన కాళ్ళు మాత్రం శాలువా కిందికి లాక్కున్నారు. "నావి నేను చూసుకున్నాలే, పర్లేదు" అన్నారు. నాకు చురుక్కుమంది. నా కాళ్ళు ఆవిడ చూడొచ్చు, ఆవిడ కాళ్ళు చూసే అర్హత నాకు లేదా? మర్నాడూ అంతే. వేడినీళ్ళలో ఒక కాలే పెట్టారు. "రెండోది ఇందాకే కడిగేశా." ఆ రాత్రి నేను ముఖం అటు తిప్పుకుని పడుకున్నాను. ఆ అవమానం మనసులో తిరుగుతూనే ఉంది. తిరుగుతున్నకొద్దీ అది అవమానం కాదేమోనన్న అనుమానం మొదలైంది. నేను అలిగానని తెలిసి కూడా ఆవిడ బుజ్జగించలేదు. అది ఆవిడ లక్షణం కాదు.

పొద్దున్నే అందరికన్నా ముందు లేచి గుమ్మం బయటికి వెళ్ళాను. బూట్లన్నీ వరసగా ఉన్నాయి. ఆంటీ ఎడమ బూటులో చేయి పెట్టి చూశాను. వేళ్ళు ఉండే చోట లోపలి గుడ్డ తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా ఒక వాసన. ఎన్నో ఏళ్ళుగా విరిగిన వస్తువులను చేతిలోకి తీసుకుని ఎక్కడ మొదలైందో వెతకడమే నా పని. ఇది చెమట కాదని తెలిసిపోయింది. లోపలికెళ్ళి అడిగాను. "చెమటమ్మా. నీకు అన్నీ అనుమానాలే" అని, ఆవిడ నా ముందే మేజోడు మీద మేజోడు తొడుక్కుని బూటు లేసు బిగించారు.

ఆ రోజు మధ్యాహ్నం మేం ఒక తారు రోడ్డు దాటాలి. దాని పక్కన చిన్న టీ కొట్టు. అది దాటితే చివరి ఊరి దాకా జీపు వెళ్ళే దారి లేదని గోవింద్ ముందే చెప్పాడు. టీ తాగి అందరూ లేచారు. నేను లేవలేదు.

"గోవింద్" అన్నాను. "ఆంటీ ఎడమ పాదానికి పుండైంది. బూటు లోపల తడిగా ఉంది, వాసన వస్తోంది. ఆవిడకు చక్కెర వ్యాధి. నొప్పి తెలియదు. ఇక్కడ బూటు విప్పి చూడాలి." విషయం ముందు చెప్పాను. అవమానం ఊసే ఎత్తలేదు.

అందరూ ఆంటీవైపు తిరిగారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. అంతలోనే నవ్వేశారు. గోవింద్‌కు కూడా అర్థమయ్యేలా హిందీలో, "ఈ అమ్మాయి అంతే. దేన్లోనైనా లోపం వెతుకుతుంది. ఆఫీసులోనూ అదే పని, ఇంట్లోనూ అదే పని. మీరేం పట్టించుకోకండి, పదండి" అన్నారు.

గుంపంతా నవ్వింది. గోవింద్ కూడా. నా గురించి ఊరంతా అనుకునే మాట అది. అది నాకు కొత్త కాదు. కానీ ఊరంతటిలో ఆ మాట అనని మనిషి ఒక్కరే ఉండేవారు.

"వసుధ గారూ, ఆంటీయే మంచిగున్న అంటున్నరు గదా. మీకెందుకు నడుమ? లేవండి, లేట్ అయితది" అన్నాడు శ్రీధర్.

"లేవను."

"లేవకుంటే ఏం చేస్తరు?"

"కూర్చుంటాను. ఒక్కరు ఆగితే అందరూ ఆగాలని గోవింద్ చెప్పాడు. ఆంటీ బూటు విప్పితే లేస్తాను. పాదం బావుంటే అందరి ముందూ తప్పు ఒప్పుకుని, మీ అందరి బ్యాగులూ నేనే మోస్తాను."

ఒకళ్ళు నచ్చజెప్పారు. ఒకళ్ళు విసుక్కున్నారు. ఇంత దూరం వచ్చి ఒకరి మొండితనానికి అందరి ప్రయాణం పాడవాలా అని ఎవరో అన్నారు. ఎవరో కాదు, ఎవరన్నారో నాకు తెలుసు. నేను కొట్టు ముందు రాతి మీద అలాగే కూర్చున్నాను. నా గ్లాసులో టీ చల్లారింది. చాలాసేపటికి ఆంటీ కర్రలు పక్కన పెట్టి, నా పక్కన కూర్చుని, ఎవరికీ వినబడనంత చిన్నగా అన్నారు.

"వసుధా, నాకు ఆ ఒక్క ఊరు చూడాలనుందే. నేనెప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదు. ఇదొక్కటే."

"తెలుసు ఆంటీ."

"తెలిసీనా?"

"తెలిసే."

ఆవిడ కాసేపు ఎదురుగా ఉన్న కొండను చూశారు. తర్వాత వంగి లేసు విప్పారు. లోపలి మేజోడు చర్మానికి అంటుకుపోయి ఉంది. గోవింద్ గోరువెచ్చని నీళ్ళు పోసి మెల్లగా తీశాడు. చిటికెన వేలు నల్లబడింది. పాదం అంచు వాచి ఉంది. అప్పటిదాకా విసుక్కున్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. ఆంటీ మాత్రం దాన్ని వేరే ఎవరిదో అయినట్టు ఫార్మసిస్టు కళ్ళతో చూసి, "దీనికి యాంటీబయాటిక్ ఇవాళే మొదలుపెట్టాలి" అన్నారు.

జీపు వచ్చింది. ఆవిడతో నేనొక్కదాన్నే ఎక్కాను. నేనూ వస్తానని గుంపులో ఒక్కరూ అనలేదు. వాళ్ళు ముందుకెళ్ళి, చివరి ఊరు చేరి, శిఖరాల ముందు నవ్వుతూ ఫోటోలు దిగారు. ఆ ఫోటోలు తర్వాత అందరికీ పంపారు, మా ఇద్దరికీ కూడా పంపారు! జీపులో ఆంటీ ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. ఒక మలుపులో డ్రైవరు బండి ఆపి, "మాతాజీ, చూడండి" అన్నాడు. దూరంగా, మేం చేరాల్సిన దిక్కున, తెల్లటి శిఖరాలు వరసగా నిలబడి ఉన్నాయి. నేను చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "పోనివ్వు బాబూ" అన్నారు.

కింద పట్నంలోని ఆసుపత్రిలో పుండు కడిగారు. మిషిగన్ చేరాక సర్జరీ చేసి ఆ వేలు తీసేశారు. పాదం దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడని ఆంటీ భర్త, అంకుల్ ద్వారా తెలిసింది. అంకుల్ ద్వారా ఎందుకంటే, ఆంటీ నాతో మాట్లాడడం మానేశారు. ఆ చలికాలమంతా నేను కారులో వాళ్ళింటి ముందు నుంచే వెళ్ళేదాన్ని, కిటికీలో దీపం చూసేదాన్ని, ఆగేదాన్ని కాదు. నన్ను అందరి ముందూ అంత మాటన్నది ఆవిడ, ముందు మాట్లాడాల్సింది ఆవిడ. ఒకసారి అంకుల్ మంచులో నడిచొచ్చి కరివేపాకు పొడి డబ్బా ఇచ్చారు. "ఆంటీ పంపారా?" అన్నాను. ఆయన అబద్ధమాడలేరు. "పంపలేదమ్మా. చేసి బల్ల మీద పెట్టింది. ఎవరికని అడిగితే చెప్పలేదు. నేనే తెచ్చేశాను" అన్నారు.

మంచు కరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. నువ్వు డ్రైవ్ చేస్తావా?" పలకరింపు లేదు, ఏమీ లేదు.

"అంకుల్ ఉన్నారుగా."

"మీ అంకుల్‌కి నాకన్నా మొహమాటం. డాక్టర్ నొప్పెలా ఉందని అడుగుతాడు. నేను బావుందంటాను. ఆ తర్వాత నువ్వు మాట్లాడు."

మర్నాడు అలాగే జరిగింది. డాక్టరు అడిగాడు. "వెరీ గుడ్, థాంక్యూ" అన్నారు ఆంటీ, అని నావైపు చూశారు. రాత్రి నిద్ర లేదని, కొత్త మందుకు కడుపులో తిప్పుతోందని, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నారని నేను చెప్పాను. కొన్నాళ్ళకు ఆ డాక్టరు ఆంటీకి నమస్కారం పెట్టి, కుర్చీ నావైపు తిప్పుకోవడం నేర్చుకున్నాడు. తర్వాత ఏళ్ళన్నీ అలాగే గడిచాయి. ఆవిడ నొప్పులన్నీ నా నోటి మీదుగానే బయటికొచ్చాయి. నా జీవితంలో నా ఫిర్యాదుల కోసం ఒక మనిషి ఎదురుచూసిన కాలం అది.

ఒకసారి ఆసుపత్రి పార్కింగులో సీటు బెల్టు పెట్టుకుంటూ, "అనిత ఎప్పుడైనా అడిగితే ఆ షూస్ సంగతి చెప్పకు" అన్నారు.

"ఎందుకు చెప్పకూడదు? సైజు కనుక్కోకుండా పంపడం తప్పు కాదూ?"

"తప్పే. చెప్పకు."

"మరి అక్కడ, టీ కొట్టు దగ్గర, నన్నన్న మాట?"

"ఏ మాట?"

"ఈ అమ్మాయి అంతే అన్నారు. హిందీలో. అందరూ నవ్వారు."

ఆంటీ అద్దంలోంచి ముందుకు చూస్తూ, "అన్నాను" అన్నారు. ఇంకేమైనా అంటారేమోనని కారు స్టార్ట్ చేయకుండా ఎదురుచూశాను. "ఏంటలా చూస్తావు? ఆకలేస్తోంది, పద" అన్నారు. అంతే. నేను ఆ బాకీ ఇప్పటికీ వదులుకోలేదు.

ఒక వసంతంలో ఆవిడ గుండె ఆగిపోయింది. గుడి పక్క హాల్లో సంతాప సభ పెట్టారు. శ్రీధర్ మైకు పట్టుకుని, "రాజ్యం ఆంటీ జిందగీల ఎన్నడూ దేని గురించీ కంప్లయింట్ చెయ్యలే" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేశారు. ప్రతి ఒక్కటీ చేశారు. చేయించుకున్నది నాచేత.

సభ అయ్యాక అనిత నన్ను ఒక పక్కకు తీసుకెళ్ళింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. "అక్కా, ఒకటి అడగాలి. నువ్వు ట్రూత్ చెప్తావు, అందుకే నిన్ను అడుగుతున్నా. ఆ ట్రెక్‌లో అమ్మ ఫుట్‌కి ఏం అయింది? షూస్ నేనే కొన్నా కదా. అవి టైట్ ఉన్నాయా? అమ్మ నెవర్ సెడ్."

జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది. సైజు కనుక్కోలేదు, ప్రయాణానికి రెండు రోజుల ముందు పంపావు, అమ్మ నీకు చెప్పలేకపోయింది. అన్నీ నిజాలు. అన్నీ వరసలో ఉన్నాయి.

"దారి అలాంటిది అనితా" అన్నాను. "అన్నీ రాళ్ళు. ఎవరి కాళ్ళూ బాగోలేవు. షూస్ చాలా బావున్నాయి. మా అమ్మాయి పంపిందని దారి పొడుగునా అందరికీ చూపించుకున్నారు."

అనిత నా భుజం మీద తల పెట్టి ఒక్కసారిగా వదులైపోయింది. ఎన్నేళ్ళుగా మోస్తోందో ఆ ప్రశ్నను.

నోటి దాకా వచ్చాక నేను మింగేసిన ఫిర్యాదు అదొక్కటే. మింగడం ఇంత కష్టమని, మింగాక కూడా అది లోపల ఇంత బరువుగా కూర్చుంటుందని నాకు తెలియదు. ఆంటీ అలాంటివి ఎన్నింటితో నవ్వుతూ తిరిగారో! అనిత తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, అందుకే దీన్ని ఇక్కడ దించుకుంటున్నాను. ఇది చదివినవాళ్ళెవరైనా ఆ పిల్ల చెవిన వేస్తే, వాళ్ళ పేరు నేను చచ్చేదాకా మర్చిపోను.